కారు బ్యాటరీకీ ఓ వయసుంది!

గ్యాస్ బండ మార్చిన రోజున క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోని ఇల్లాలు ఉండదు. పాల లెక్క, చీటీ వాయిదా, పిల్లల టీకాలు అన్నీ మనకు తేదీలతో సహా గుర్తే. కానీ వాకిట్లో ఉన్న కారుకు బ్యాటరీ ఎప్పుడు వేయించారని అడిగితే మాత్రం “ఏమో, ఆయన్నడగాలి” అనేస్తాం. ఆయన్నడిగితే “కారుతో వచ్చిందే అనుకుంటా” అంటారు. అప్పటికి కారు కొని అయిదేళ్లయి ఉంటుంది!

మన ప్రాంతంలో కారు బ్యాటరీ మామూలుగా మూడు నుంచి అయిదేళ్లు వస్తుంది. మూడో ఏడు దాటిందంటే దానిమీద ఓ కన్నేసి ఉంచాల్సిందే.

అసలు ఈ బ్యాటరీ వల్ల మనకు జరిగిన మేలు చిన్నదేం కాదండీ. ఒకప్పుడు కారు ముందు నిలబడి ఇనప హ్యాండిల్ పెట్టి గిరగిరా తిప్పితే గానీ ఇంజను అందుకునేది కాదు. అది వెనక్కి తన్నిందంటే మణికట్టు విరిగేది. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన సెల్ఫ్ స్టార్టర్ 1912లో క్యాడిలాక్ కార్లలోకి వచ్చాక ఆ బాధ తప్పింది. ఆడవాళ్లు ఎవరి సాయమూ లేకుండా కారు తీయడానికి ఉన్న పెద్ద అడ్డంకి తొలగింది. ఆ స్టార్టర్‌ను తిప్పేది ఈ బ్యాటరీయే. లోపల ఆరు గదులు, వాటిలో సీసం పలకలు, నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఒక్కో గది రెండు వోల్టులకు కాస్త పైన ఇస్తుంది. అన్నీ కలిపి మనం చెప్పుకునే 12 వోల్టులు.

చలికి బ్యాటరీ పోతుందని చాలామంది అనుకుంటారు. చలి దెబ్బ మంచు పడే దేశాల వాళ్లకు ఎక్కువ. మన విజయవాడలోనో రామగుండంలోనో దాని ప్రాణం తీసేది ఎండే. వేడికి లోపలి నీరు ఆవిరవుతుంది, పలకలు తినేసుకుపోతాయి. తమాషా ఏమిటంటే వేసవిలో దెబ్బతిన్నది వేసవిలోనే బయటపడాలని లేదు. వానాకాలంలో లైట్లు, వైపర్లు, ఏసీ అన్నీ ఒకేసారి వేసినప్పుడో, డిసెంబరులో తెల్లవారుజామున రైలుకు బయల్దేరినప్పుడో మొరాయిస్తుంది. మనమేమో “నిన్నటిదాకా బాగానే ఉందే!” అని ఆశ్చర్యపోతాం.

రెండో శత్రువు మన చిన్న చిన్న ప్రయాణాలు. బడికి రెండు కిలోమీటర్లు, రైతు బజారుకు ఒకటిన్నర. స్టార్ట్ చేయడానికి ఖర్చయిన కరెంటు తిరిగి నిండేలోపే ఇంజను ఆపేస్తాం. ఇలా సగం ఆకలితో ఉంచితే పలకల మీద తెల్లటి పొర గట్టిపడి, ఇక ఎంత చార్జ్ చేసినా పట్టదు. అందుకే వారానికోసారైనా అరగంట, ముప్పావుగంట ఏకబిగిన తిప్పడం మంచిది. పిల్లల్ని ఎటైనా తీసుకెళ్లినట్టూ ఉంటుంది.

2023 మే నెలలో మా అత్తయ్యగారిని కంటి పరీక్షకు తీసుకెళ్లాను. మావారి ఉద్యోగం వేరే ఊళ్లో. మిట్టమధ్యాహ్నం ఆస్పత్రి బయటికొచ్చి తాళం తిప్పితే టిక్ టిక్‌మని చప్పుడే గానీ బండి కదల్లేదు. ఆవిడకు డెబ్బయి రెండేళ్లు, షుగరు, కంట్లో మందు వేశారేమో కళ్లు తెరవలేకపోతున్నారు. ఎదురుగా ఉన్న మెకానిక్ బానెట్ ఎత్తి చూసి “బ్యాటరీ పోయిందమ్మా, కొత్తది తెప్పిస్తా” అన్నాడు. అప్పటికి దానికి మూడేళ్లు నిండలేదు. “మీటరు పెట్టి చూడు బాబూ, తర్వాత మాట్లాడుకుందాం” అన్నాను. పెట్టాడు. 12.5 చూపించింది! తీరా చూస్తే టెర్మినల్ చుట్టూ తెల్లగా, పచ్చగా పొక్కులా పట్టేసి, బిగింపు వదులైంది. తీసి వేడినీళ్లతో కడిగించి, తుడిచి, బిగించేసరికి మొదటి తిప్పుకే అందుకుంది. అయిదారు వేల ఖర్చు తప్పింది. అంతకన్నా, అత్తయ్యగారిని ఆ ఎండలో ఇంకో గంట కూర్చోబెట్టే అవస్థ తప్పింది. ఆ బ్యాటరీనే ఇంకో ఏడాదిన్నర వాడాం.

ఆ మీటరు అంకెలు మనకూ తెలిసుండాలి. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక. 12 దగ్గరికి దిగిందంటే ఖాళీ అయినట్టే. ఇంజను నడుస్తుండగా 14కు అటూఇటూగా ఉండాలి. పెరగకుండా 12 దగ్గరే ఉంటే చార్జ్ చేసే ఆల్టర్నేటరులో లోపం ఉందేమో చూపించాలి. అలాంటప్పుడు కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో అదీ పడుకుంటుంది. బండి నడుస్తుండగా డాష్‌బోర్డు మీద వెలిగే ఎర్ర బ్యాటరీ గుర్తు కూడా చాలాసార్లు ఈ చార్జింగ్ లోపాన్నే చెబుతుంది.

అయితే చార్జ్ పెట్టిన రెండు మూడు రోజులకే మళ్లీ దిగిపోతున్నా, పొద్దున్నే ఇంజను నీరసంగా తిరుగుతున్నా, పెట్టె పక్కలు ఉబ్బినా, కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చినా ఇక బేరాలు వద్దు, మార్చేయండి. నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఇన్వర్టరు ఉన్న ఇళ్లలో ఇది ఎలాగూ తెలుసు. వాటరు ఫిల్టరు నీళ్లు పనికిరావు. దాని దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు, మండే వాయువు వస్తుంది.

కొనేటప్పుడు తయారైన నెల చూపించమని అడగండి. కొట్లో నెలల తరబడి ఊరికే కూర్చున్నదైతే కొత్తదయినా సగం నీరసించే ఉంటుంది. సిగ్నల్ దగ్గర దానంతటది ఆగి మళ్లీ స్టార్టయ్యే కార్లకు ప్రత్యేకమైన బ్యాటరీ కావాలి. చవగ్గా వస్తుందని మామూలుది వేయిస్తే తొందరగా పోతుంది. వారంటీ కార్డు మీద తేదీ, కొట్టు ముద్ర వేయించుకోండి. మొదట్లో పాడైతే ఉచితంగా ఇస్తారు, తర్వాత నెలల్లో ధరలో కొంత మాత్రమే తగ్గిస్తారు. ఆ రెండు గడువులూ విడివిడిగా రాయించుకోవడం నయం.

పాతదాన్ని మాత్రం పాత సామాన్లవాడికి వేయకండి. దాన్ని పగలగొట్టి కరిగించే చోట వచ్చే సీసం పసిపిల్లల మెదడుకు విషం. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసినవి తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. అందులో సీసం ఉంది కనుక దానికి విలువా ఉంది. కొట్టువాళ్లు కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు. ఎంత తగ్గించారో బిల్లులో విడిగా వేయమని అడగండి.