మాయ పడేదాకా ఆగాలా?

కోస్తా పల్లెల్లో ఆవు ఈనిందంటే ముందుగా గుర్తొచ్చేది జున్ను. వంటింట్లో బెల్లం, మిరియాలు, యాలకులు సిద్ధమవుతుంటాయి. కొట్టంలో దూడ మాత్రం పొదుగు వైపు మెడ చాచి, తాడు పొడవు చాలక ఆగిపోతుంది. ఎందుకు వదల్లేదని అడిగితే పెద్దవాళ్ల జవాబు ఒక్కటే: ‘‘ఇంకా మాయ పడలేదు కదా!’’ మాయ పడకముందే దూడ తాగితే మాయ లోపలే ఉండిపోతుందని నమ్మకం.

జరిగేది సరిగ్గా దీనికి ఎదురు. దూడ కుడవగానే తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ ఊరుతుంది. పాలు చేపడానికీ, గర్భసంచి ముడుచుకోవడానికీ అదే హార్మోను కావాలి. అంటే దూడ కుడిస్తే మాయ పడటానికి సాయమే. ఇక దూడ సంగతి చూస్తే ఆలస్యం మరీ ప్రమాదం. మనిషి బిడ్డకు కొంత రక్షణ తల్లి కడుపులోనే అందుతుంది. ఆవు, గేదెల మాయ ప్రతిరక్షకాలను దాటనివ్వదు. దూడ వాటిని ముర్రుపాల నుంచే తెచ్చుకోవాలి. వాటిని రక్తంలోకి పీల్చుకునే శక్తి దాని పేగులకు గంటగంటకూ తగ్గి, 24 గంటలకు దాదాపు పోతుంది. అందుకే పుట్టిన గంట, రెండు గంటల్లోపు తొలి పాలు తాగించాలి. తొలి రోజు కనీసం దాని బరువులో పదో వంతు పట్టాలి; 25 కిలోల దూడకు రెండున్నర లీటర్లు. సంకరజాతి ఆవు అంతకన్నా ఎక్కువే ఇస్తుంది కనుక జున్ను గిన్నెకు లోటు రాదు. వంతు మాత్రం దూడ తర్వాతే.

వేలాడే మాయకు రాయో, పాత చెప్పో కట్టే అలవాటు ఇంకా పోలేదు. మాయ గర్భసంచికి గుండీలు పెట్టినట్టు చాలాచోట్ల అతుక్కుని ఉంటుంది. అవి వాటంతటవే వదలాలి. బరువు కట్టి లాగితే తెగిన ముక్క లోపల కుళ్లుతుంది. 12 గంటలు దాటినా పడకపోతే పశువైద్యుణ్ణి పిలవాలి.

అన్నిటికన్నా తికమక పెట్టేది పాలజ్వరం. జ్వరం పేరులోనే ఉంది, ఒంట్లో ఉండదు. బాగా పాలిచ్చే ఆవు ఈనిన రెండు మూడు రోజుల్లో కూలబడి, మెడ తిప్పి డొక్క మీద వాల్చితే చెవులు తాకి చూడాలి, చల్లగా తగులుతాయి. 1897లో డెన్మార్క్ పశువైద్యుడు ష్మిట్ ఇలాంటి ఆవులకు పొదుగులోకి మందు ద్రావణం ఎక్కించి లేపాడు. పొదుగులో విషం పుడుతోందని ఆయన అనుమానం. తీరా ఉత్త గాలి ఎక్కించినా ఆవులు లేచాయి! పొదుగు బిగిసి పాల ఊట ఆగడంతో రక్తంలోని కాల్షియం అటు పోవడం ఆగింది. అసలు కారణం కాల్షియం లోటని తేలింది 1920ల్లో.

‘‘అయితే ఈనకముందే కాల్షియం తాగిస్తే సరి’’ అని డబ్బాలు కొనేవాళ్లు ఎందరో. బెడిసికొట్టేది ఇక్కడే. మేతలోనే దండిగా కాల్షియం అందుతుంటే, ఎముకల్లోని నిల్వను బయటికి తీయించే పారాథైరాయిడ్ గ్రంథి బద్ధకిస్తుంది. ఈనిన రోజు పది లీటర్ల ముర్రుపాలలోనే 20 గ్రాములకు పైగా కాల్షియం పోతుంది; రక్తంలో తిరిగేది అందులో నాలుగో వంతైనా ఉండదు. గ్రంథి మేలుకునేలోగా ఆవు పడిపోతుంది. కనుక ఇలాంటి ఆవులకు చివరి మూడు వారాలు కాల్షియం మందులు ఆపి, లూసర్న్ తగ్గించి, ఈనగానే కాల్షియం మొదలుపెట్టాలి. పడిపోయిన ఆవుకు గొంతులో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నరానికి ఎక్కించడం వైద్యుడి పని. అదీ నెమ్మదిగానే, వేగం పెరిగితే గుండె ఆగుతుంది.

బాగా మేపితే దూడ పెరిగి కాన్పు కష్టమవుతుందని కడుపు మాడ్చేవాళ్లూ ఉన్నారు. దూడ బరువులో మూడింట రెండు వంతులు చివరి మూడు నెలల్లోనే పెరుగుతుంది. దాణా కోస్తే తల్లి నీరసించి, ఈనడానికే సత్తువ చాలదు. అలాగని కొవ్వు పట్టేలా మేపినా ఈనాక మేత ముట్టదు.

ఈనేదాకా పిండుకుందామన్న ఆశ కూడా నష్టమే. పొదుగు కణాలు మళ్లీ పుట్టుకు రావడానికి సుమారు రెండు నెలలు పాలు ఎండగట్టాలి. చూడి కట్టిన తేదీని కొట్టం గోడ మీద రాసి పెట్టుకుంటే ఆవుకు 280, గేదెకు 310 రోజులు లెక్కేసి, అందులోంచి 60 రోజులు వెనక్కి వస్తే పిండటం ఎప్పుడు ఆపాలో, 21 రోజులు వెనక్కి వస్తే కాల్షియం డబ్బా ఎప్పుడు అటక ఎక్కించాలో తెలిసిపోతుంది.