పెట్టెలో సూర్యుడు

చాలాకాలం ఎండలో వేలాడిన రంగుగుడ్డ వెలిసిపోవటం మీరు చూసే ఉంటారు. ఆ పని చేసేది మనకు కనిపించే వెలుగు ఒక్కటే కాదు. ఊదారంగుకు అవతల, మన కంటికి ఆనని కిరణాలు కూడా ఎండలో ఉన్నాయి. వాటిని 1801లో జర్మనీలో రిట్టర్ అనే ఆయన కనిపెట్టాడు. వాటి పేరు అతినీలలోహిత కిరణాలు.

ఈ కిరణాలతో బొమ్మలు అచ్చువేయవచ్చు. 1842లో ఇంగ్లండులో జాన్ హెర్షెల్ అనే శాస్త్రజ్ఞుడు ఇందుకు దారి చూపాడు. ఇనుము గల రెండు లవణాలను నీళ్ళలో కరిగించి, కలిపి, కాగితానికి పూసి చీకట్లో ఆరబెడతారు. దానిపై ఒక ఆకు పెట్టి, గాజుపలకతో అదిమి ఎండలో ఉంచితే, కిరణాలు తగిలినచోట నీలిరంగు పుడుతుంది. ఆకు నీడలో మందు మారదు. నీళ్ళలో కడగగానే పోతుంది. నీలి కాగితం మీద తెల్లని ఆకు మిగులుతుంది! 1843లోనే అన్నా అట్కిన్స్ అనే ఆవిడ సముద్రపు నాచుల బొమ్మలను ఇలా అచ్చువేసి పుస్తకంగా వెలువరించసాగింది.

నేను బడిలో ఉండగా ఒక శ్రావణమాసంలో పిల్లలతో ఈ పని తలపెట్టాను. వారం రోజులైనా ముసురు వదలలేదు. బొమ్మలన్నీ వెలవెలబోయాయి.

"మేష్టారూ, సూర్యుణ్ణి లోపలికి తేలేమా?" అన్నాడు ఒక కుర్రవాడు.

సరేనని పెట్టె కట్టాం. వడ్రంగి చేత మూత గల చెక్కపెట్టె చేయించాం. మూత లోపలివైపు 18 అంగుళాల ట్యూబులు ఆరు పక్కపక్కనే బిగించాం. మిఠాయి దుకాణాల్లో ఈగలను ఆకర్షించటానికి పెట్టే నీలివెలుగు ట్యూబులే ఇవి. వాటి మధ్య ఎడం ఎక్కువైతే బొమ్మపై చారలు పడతాయి. పెట్టె గోడలకు అల్యూమినియం రేకు అంటించాం. తెల్లరంగు కంటికి మెరిసినా, ఈ కిరణాలను చాలావరకు మింగేస్తుంది! కరెంటు పని మాత్రం ఎలక్ట్రీషియనే చేశాడు.

ఒకనాడు ఆ కుర్రవాడే, బొమ్మ వచ్చిందో లేదోనని మూత ఎత్తి తొంగిచూశాడు. నేను కేక వేశాను.

"వెలుగు మందంగానే ఉంది కదా, మేష్టారూ!" అన్నాడు వాడు.

అదే ప్రమాదం! మిరుమిట్లు గొలిపే ఎండకు కన్ను తనంతట తానే మూసుకుంటుంది. కనిపించని వెలుగుకు మూసుకోదు. అదృష్టవశాత్తు వాడికేమీ కాలేదు. తప్పు వాడిది కాదు, ముందుగా చెప్పని నాది. మర్నాడే, మూత ఎత్తగానే ట్యూబులు ఆరిపోయే స్విచ్చి పెట్టించాను.

నీటి యంత్రాల్లో క్రిములను చంపే ట్యూబులు వేరు. అవి కళ్ళను, చర్మాన్ని కాలుస్తాయి. వాటిని వాడనే కూడదు.

బొమ్మకు ఎంతసేపు పడుతుందో తెలియాలా? మందు పూసిన కాగితపు ముక్కను అట్టతో కప్పి, మూడేసి నిమిషాలకు కొంచెం చొప్పున అట్ట జరపండి. జరిపే ప్రతిసారీ ముందు స్విచ్చి ఆర్పండి. కడిగి చూస్తే, మంచి నీలం ఏ మెట్టులో వచ్చిందో కాగితమే చెబుతుంది.

పెట్టె పని పెద్దలు పక్కనుంటేనే చేయండి. ఎండ కాసే రోజుల్లో పెట్టెతో పనేమిటి? పైనున్న సూర్యుడే చాలు!