యుద్ధం పుస్తకాలు మనకెందుకంటారా?

ఏ లైబ్రరీకైనా వెళ్ళి చూడండి. ఆడమనిషి లోపలికి అడుగుపెట్టగానే కౌంటర్లో ఉన్నాయన చెయ్యి నవలల బీరువా వైపు చూపిస్తుంది. పక్క బీరువాలో దేశ విభజన, రెండో ప్రపంచ యుద్ధం, తెలంగాణ పోరాటం, మంత్రుల జ్ఞాపకాలు దుమ్ముకొట్టుకుని పడి ఉంటాయి. అటు చెయ్యి పెట్టామో, "అవి మీకెందుకండీ, బోరు" అని ఓ ఉచిత సలహా. నవలలంటే నాకేం చులకన లేదు, వాటితోనే పెరిగాను. కానీ ఆ రెండో బీరువాలో ఉన్నవి కూడా మన ఇళ్ళ సంగతులేనంటే నమ్ముతారా?

అన్ని పుస్తకాల్లోనూ ఉంటాయని అనను. నేను చదివిన నాయకుల ఆత్మకథలు కొన్నిటిలో భార్య ఒకే ఒక్కసారి కనిపిస్తుంది, పెళ్ళినాడు! ఆయన జైల్లో ఉన్నన్నాళ్ళూ ఇల్లెలా గడిచిందో, పిల్లల ఫీజులు ఎవరు కట్టారో ఒక్క ముక్క ఉండదు. అలాంటివి మొహమాటం లేకుండా సగంలో మూసేస్తాను.

నన్ను కూర్చోబెట్టి చదివించింది 'మనకు తెలియని మన చరిత్ర'. స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు 1986లో తెచ్చారు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళ మాటల్లోనే రాసిన పుస్తకం. దళంతో అడవిలో తిరుగుతూ, ఏడుపు వినబడితే అందరి ప్రాణాలకూ ముప్పని పసిబిడ్డని పరాయి చేతుల్లో పెట్టిన తల్లి ఉంది అందులో. పోరాటం ఆగిపోయాక ఇళ్ళకి వెళ్ళిపొమ్మంటే, ఏ ఇంటికి పోవాలో తోచని వాళ్ళున్నారు. తుపాకీ పట్టిన చేతికి మళ్ళీ గరిటె ఇచ్చారు, అంతే.

ఇది మన ఒక్కచోటి కథ కాదు. 2015లో నోబెల్ బహుమతి అందుకున్న బెలారస్ రచయిత్రి స్వెత్లానా అలెక్సీవిచ్, రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ సైన్యంలో పనిచేసిన ఆడవాళ్ళని వందలమందిని కలిసి మాట్లాడింది. గురిచూసి కాల్చినవాళ్ళు, విమానాలు నడిపినవాళ్ళు, నర్సులు, సైనికుల బట్టలుతికినవాళ్ళు. ఆ పుస్తకం 1985లో వచ్చింది, ఇంగ్లీషులో దొరుకుతుంది. ఒకావిడని ముందురోజు రాత్రంతా భర్త కూర్చోబెట్టి యుద్ధ చరిత్ర చదివించాడట, ఆడవాళ్ళ చిల్లర సంగతులు చెబుతుందేమోనని! నిజానికి ఆ చిల్లర సంగతులే పుస్తకానికి ప్రాణం. జడ కత్తిరించుకున్న రోజు, కాలికి వదులైపోయే మగవాళ్ళ బూట్లు, తిరిగొచ్చాక పతకాలు దాచేసుకోవడం. యుద్ధానికి వెళ్ళొచ్చిన పిల్లంటే ఇరుగుపొరుగు అనుమానంగా చూసేవారు మరి.

మా అత్తమ్మకి ఎనభై అయిదు దాటాయి, చూపు ఆనదు. మధ్యాహ్నం పూట తెలుగు పుస్తకాలు పైకి చదువుతుంటాను. ఆవిడది సూర్యాపేట దగ్గర పల్లె. మామగారు ఉన్నన్నాళ్ళూ రజాకార్ల కథలు ఆయనే చెప్పేవారు, అత్తమ్మ మంచినీళ్ళు అందించి లోపలికి వెళ్ళిపోయేది. నేను పుస్తకం చదువుతున్న ఓ మధ్యాహ్నం ఉన్నట్టుండి అందుకుంది. ఎనిమిదేళ్ళప్పుడు రాత్రికి రాత్రి బండి కట్టుకుని జగ్గయ్యపేట వైపు వెళ్ళిపోయారట. "మా నాయినవాళ్ళు అరుగు మీద కూసోని నిజాం సంగతులు మాట్లాడేటోళ్ళు. ముప్పైమందికి గంజి కాసింది మా అమ్మ. ఆ గంజిలకు ఉప్పు కోసం ఇల్లిల్లు తిరిగింది నేనే బిడ్డా" అంది. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు అత్తమ్మా అంటే, "ఎవరడిగిన్రు?" అంది.

మరి ఎప్పుడు తిరిగొచ్చారంటే తారీఖు తెలియదు. "బతుకమ్మకు ఇల్లు చేరినం" అంది. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. బతుకమ్మ ఆ తర్వాతే. పుస్తకంలో తారీఖూ, అత్తమ్మ పండగా చక్కగా కలిశాయి.

అందరూ వచ్చారా అని అడిగితే మాత్రం, "చిన్నమ్మ రాలే" అని ఆగిపోయింది. మళ్ళీ అడగలేదు నేను. అందుకు కారణం కూడా ఓ పుస్తకమే. ఊర్వశీ బుటాలియా దేశ విభజన మీద 1998లో రాసిన 'ది అదర్ సైడ్ ఆఫ్ సైలెన్స్'. ఆ మారణకాండలో రెండు వైపులా కలిపి 75 వేలమంది దాకా ఆడవాళ్ళు అపహరణకూ అత్యాచారానికీ గురయ్యారని అంచనా. తర్వాత 1949లో చట్టం చేసి మరీ ఆ ఆడవాళ్ళని వెతికి వెనక్కి పంపారు. ఎక్కడుంటావమ్మా అని ఆ మనిషిని అడగలేదు. ఎన్నో కుటుంబాలు ఆ పేర్లే మళ్ళీ ఎత్తలేదు. మాట్లాడించడం ఎంత అవసరమో, మాట్లాడలేని చోట ఆగడమూ అంతే అవసరమని ఆవిడ పుస్తకం పొడుగునా తడుముకుంటూ రాస్తుంది. నాకు నచ్చింది అదే.

ఇలాంటివి మొదలుపెట్టాలనుకునేవారికి ఒక్క మాట. లావుపాటి చరిత్ర గ్రంథంతో మొదలెట్టకండి, పదో పేజీకే నిద్రొస్తుంది. ఒక మనిషి జీవితకథ తీసుకోండి. పక్కన పిల్లల అట్లాసు పెట్టుకోండి, ఊరెక్కడుందో తెలిస్తే కథ కళ్ళకు కడుతుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏదైనా చెబితే, వాళ్ళ మాటల్లోనే ఓ నోటుపుస్తకంలో రాసుకోండి, మన భాషలోకి దిద్దకుండా.

మా ఇంట్లో ఇప్పుడు కొండపల్లి కోటేశ్వరమ్మ గారి 'నిర్జన వారధి' నడుస్తోంది. 2012లో అచ్చయింది, అప్పటికి ఆవిడకి తొంభై దాటాయి. బాల్యంలోనే వైధవ్యం, మళ్ళీ పెళ్ళి, కమ్యూనిస్టు పార్టీ, అజ్ఞాతవాసం, భర్తతో ఎడబాటు, బిడ్డల్ని పోగొట్టుకోవడం. ఏ రాజకీయ చరిత్రకీ తీసిపోదు. రోజుకి నాలుగు పేజీలే సాగుతోంది, మధ్యలో అత్తమ్మ ప్రశ్నలు ఎక్కువ. ఒంటరిగా మిగిలాక నడివయసులో కోటేశ్వరమ్మ గారు మళ్ళీ బడిలో చేరి, ఆ తర్వాత హాస్టల్ మేట్రన్ ఉద్యోగం చేసుకుని బతికారన్న చోటు మాత్రం రెండుసార్లు చదివించుకుంది.