పదమూడు లక్షల జనం, ప్రపంచమంత మార్కెట్: ఎస్టోనియా కంపెనీలు సరిహద్దులు దాటిన తీరు

2025 మే 5న స్కైప్ సేవలు శాశ్వతంగా నిలిచిపోయాయి. విదేశాలలో చదువుకొనే పిల్లల ముఖాలను, ఉద్యోగాలకు వెళ్లిన బంధువుల ముఖాలను తెలుగు ఇళ్లలోని కంప్యూటర్ తెరలపై తొలిసారి చూపిన సాధనాల్లో స్కైప్ ఒకటి. దానికి ప్రాణం పోసిన సాంకేతిక నిపుణుల్లో ముఖ్యులు అమెరికావారు కారు, బ్రిటన్‌వారు కారు. బాల్టిక్ సముద్ర తీరంలోని ఎస్టోనియా అనే చిన్న దేశానికి చెందినవారు.

స్కైప్ మూతపడినా, అది నాటిన విత్తనాల నుంచి పుట్టిన కంపెనీలు నేడు అనేక దేశాలలో పనిచేస్తున్నాయి. విదేశాలకు డబ్బు పంపే ‘వైజ్’, ఆఫ్రికా, ఐరోపా నగరాలలో టాక్సీలు నడిపిస్తున్న ‘బోల్ట్’, అమ్మకాల వివరాలను నిర్వహించే ‘పైప్‌డ్రైవ్’, గుర్తింపు పత్రాలను పరిశీలించే ‘వెరిఫ్’ ఎస్టోనియన్లు స్థాపించినవి, లేదా స్థాపనలో పాలుపంచుకొన్నవి. విశాఖపట్నం నగర జనాభా కంటే తక్కువ జనం ఉన్న దేశానికి ఇది ఎలా సాధ్యమైంది? ఆ విజయం వల్ల ఆ దేశానికి దక్కినదెంత, చేజారినదెంత?

ఇంట్లో చోటు లేకపోవడమే కారణం

ఎస్టోనియా జనాభా సుమారు 13 లక్షల 70 వేలు. విస్తీర్ణం 45 వేల చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. అంటే తెలంగాణలో సగం కూడా ఉండదు. అక్కడి ప్రజలలో ఎక్కువమంది మాట్లాడే ఎస్టోనియన్ భాషకు ఆ దేశం బయట పెద్దగా మార్కెట్ లేదు.

భారత్ వంటి దేశంలో ఒక యాప్‌ను రూపొందించినవారు తమ భాషలో, తమ రాష్ట్రంలోనే లక్షలాది వినియోగదారులను సంపాదించుకోవచ్చు. విదేశాల సంగతి తర్వాత ఆలోచించవచ్చు. ఎస్టోనియా వ్యవస్థాపకులకు ఆ వెసులుబాటు లేదు. దేశంలోని ప్రతి కుటుంబమూ వాడినా కంపెనీ ఖర్చులు గిట్టుబాటు కాకపోవచ్చు. అందువల్ల వారు మొదటి రోజు నుంచే పరాయి దేశపు వినియోగదారును దృష్టిలో ఉంచుకొని వస్తువును తయారుచేస్తారు. ఆంగ్లంలో పనిచేసే తెర, వేర్వేరు కరెన్సీలను తట్టుకొనే లెక్కలు, వేర్వేరు చట్టాలకు తగినట్టు మార్చుకోగల ఏర్పాటు మొదటి నుంచే ఉంటాయి. తర్వాత చేర్చిన అతుకులుగా కనిపించవు.

ఈ అలవాటు స్కైప్ కంటే పాతది. ఆహ్తి హైన్లా, ప్రీట్ కసెసలు, యాన్ టాలిన్ తమ యవ్వనంలో ‘బ్లూమూన్’ పేరిట కంప్యూటర్ ఆటలు రూపొందించేవారు. 1993లో వారు తయారుచేసిన ‘స్కైరోడ్స్’ ఆటను విదేశాలలోనూ ఆడారు. పదేళ్ల తర్వాత స్కైప్‌ను నిర్మించినది కూడా వారే.

రాజ్యం వేసిన పునాది

అవసరం ఒక్కటే సరిపోదు. చిన్న దేశాలన్నీ ఇలా ఎదగలేదు. సోవియట్ యూనియన్ కాలంలోనే, 1960లో టాలిన్‌లో సైబర్నెటిక్స్ సంస్థ ఏర్పడింది. గణితం, కంప్యూటర్ శాస్త్రం తెలిసిన తరం అక్కడ తయారైంది. 1991 ఆగస్టులో ఎస్టోనియా తిరిగి స్వతంత్రమయ్యాక పాలకుల ముందు ఒక ప్రశ్న నిలిచింది. పాత పద్ధతిలో కాగితాలతో, కార్యాలయాలతో కొత్త ప్రభుత్వ యంత్రాంగాన్ని నిర్మించాలంటే డబ్బూ లేదు, సిబ్బందీ లేరు.

వారు వేరే దారి ఎంచుకొన్నారు. 1996లో దేశాధ్యక్షుడు లెన్నార్ట్ మేరి ‘టైగర్ లీప్’, అంటే ‘పులి దూకు’ అనే కార్యక్రమాన్ని ప్రకటించారు. పాఠశాలలకు కంప్యూటర్లు, ఇంటర్నెట్ అందించడం, ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం దాని లక్ష్యం. ఆ ఆలోచన వెనుక ఉన్నవారిలో తర్వాత దేశాధ్యక్షుడైన తోమస్ హెండ్రిక్ ఇల్వెస్ ఒకరు.

2000లో పన్ను విధానం మారింది. కంపెనీ తన లాభాన్ని వ్యాపారంలోనే తిరిగి పెట్టినంతకాలం దానిపై పన్ను ఉండదు. వాటాదారులకు పంచినప్పుడే పన్ను చెల్లించాలి. సంపాదించినదంతా విస్తరణకే ఖర్చుచేసే కొత్త కంపెనీలకు ఇది అనుకూలం. 2001లో ‘ఎక్స్-రోడ్’ మొదలైంది. ప్రభుత్వ శాఖల సమాచారాన్నంతా ఒకే చోట కుప్పపోయకుండా, ఏ శాఖ సమాచారాన్ని ఆ శాఖ వద్దనే ఉంచి, అవసరమైనప్పుడు భద్రంగా ఇచ్చిపుచ్చుకొనే మార్గమిది. 2002లో డిజిటల్ సంతకానికి పనికివచ్చే గుర్తింపు కార్డు వచ్చింది. 2005 స్థానిక ఎన్నికలలో దేశమంతటా ఇంటర్నెట్ ద్వారా ఓటు వేసే వీలు కలిగింది.

ఈ చర్యల సారాంశం ఒక్కటే. ప్రభుత్వం కంపెనీలను ఎంపికచేసి డబ్బు ఇవ్వడం కంటే, కంపెనీ నడపడంలోని చికాకును తగ్గించింది. సంస్థను నమోదు చేయడం, ఒప్పందంపై సంతకం చేయడం, పన్ను లెక్క సమర్పించడం ఇంటి నుంచే సాధ్యమైతే, నలుగురితో మొదలైన చిన్న సంస్థ తన శక్తినంతా అసలు పనిపై పెట్టగలదు.

స్కైప్ నేర్పిన బడి

2003 ఆగస్టులో స్కైప్ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. వ్యాపార వ్యవస్థాపకులు స్వీడన్‌కు చెందిన నిక్లస్ జెన్‌స్ట్రామ్, డెన్మార్క్‌కు చెందిన యానుస్ ఫ్రీస్. సాఫ్ట్‌వేర్ నిర్మించినది టాలిన్‌లోని ఎస్టోనియా బృందం. రెండేళ్లకే, 2005లో, అమెరికా కంపెనీ ఈబే దానిని 260 కోట్ల డాలర్లకు కొనడానికి అంగీకరించింది. 2011లో మైక్రోసాఫ్ట్ 850 కోట్ల డాలర్లకు దక్కించుకొంది.

ఈ అమ్మకంతో ఎస్టోనియాకు మూడు లాభాలు కలిగాయి. మొదటిది డబ్బు. స్కైప్‌ను నిర్మించిన నలుగురు ఎస్టోనియా ఇంజనీర్లు తమ వాటా ధనాన్ని కొత్త సంస్థలలో మదుపు చేయడానికి ఒక పెట్టుబడి సంస్థను నెలకొల్పారు. రెండవది అనుభవం. కోట్లాది మంది వాడే సేవను ఎలా నడపాలో, అనేక దేశాల సిబ్బందితో ఎలా పనిచేయాలో, విదేశీ పెట్టుబడిదారుతో ఎలా మాట్లాడాలో వందలాది యువకులు అక్కడే నేర్చుకొన్నారు. మూడవది నమ్మకం. తమ వీధిలో తిరిగే మనిషి సాధించినది తమకూ సాధ్యమేనన్న ధైర్యం. చిన్న దేశంలో ఈ మూడవది వేగంగా వ్యాపిస్తుంది. అక్కడ ఎవరికైనా స్కైప్‌లో పనిచేసినవారెవరో ఒకరు తెలిసే ఉంటారు.

ఆహ్తి హైన్లా ఆ తర్వాత, 2014లో, యానుస్ ఫ్రీస్‌తో కలిసి సరుకులు చేరవేసే చిన్న రోబోల సంస్థ ‘స్టార్‌షిప్’ను ప్రారంభించారు. స్కైప్ తొలి ఉద్యోగిగా పేరొందిన టావెట్ హిన్రికుస్ మరో దారి పట్టారు.

ఇద్దరి అవసరంలో పుట్టిన వ్యాపారం

హిన్రికుస్ లండన్‌లో ఉండేవారు. ఆయన జీతం యూరోలలో వచ్చేది, ఖర్చు పౌండ్లలో అయ్యేది. ఆయన మిత్రుడు క్రిస్టో కార్మన్ కూడా లండన్‌లోనే పనిచేసేవారు. ఆయన జీతం పౌండ్లలో వచ్చేది, కాని ఎస్టోనియాలో గృహరుణ వాయిదాలు కట్టాలి. బ్యాంకు ద్వారా పంపిన ప్రతిసారీ ఇద్దరికీ నష్టమే. బ్యాంకు చెప్పే రుసుము కొంత, మారకపు రేటులో కనిపించకుండా కలిపిన కోత మరికొంత.

వారు కనుగొన్న ఉపాయం సులువైనది. ఒకరు మరొకరి ఎస్టోనియా ఖాతాలో యూరోలు వేస్తారు, రెండవవారు మొదటివారి బ్రిటన్ ఖాతాలో పౌండ్లు వేస్తారు. ఆనాటి అసలు మార్కెట్ రేటే లెక్క. డబ్బు సరిహద్దు దాటదు, కాని ఇద్దరి పనీ నెరవేరుతుంది. 2011లో ఇదే ‘ట్రాన్స్‌ఫర్‌వైజ్’ అనే కంపెనీ అయింది. ప్రతి దేశంలో స్థానిక ఖాతాలు ఉంచుకొని, ఇక్కడ తీసుకొన్నదానికి బదులు అక్కడ చెల్లించడం దాని మూల సూత్రం. ఇప్పుడు దాని పేరు వైజ్. 2021 జులైలో లండన్ స్టాక్ మార్కెట్‌లో నమోదైనప్పుడు దాని విలువ సుమారు 800 కోట్ల పౌండ్లు.

సూత్రం సులువైనా విస్తరణ సులువు కాలేదు. డబ్బు వ్యాపారంలో ప్రతి దేశపు అనుమతి విడిగా పొందాలి. ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ వైదొలగినప్పుడు, ఐరోపా వినియోగదారుల కోసం వైజ్ బెల్జియంలో వేరుగా లైసెన్సు తీసుకోవలసి వచ్చింది.

లండన్ కాదంటే ఆఫ్రికా

బోల్ట్ కథ వేరు. 2013లో పందొమ్మిదేళ్ల మార్కుస్ విల్లిగ్ తల్లిదండ్రుల వద్ద 5,000 యూరోలు అప్పు తీసుకొని ‘టాక్సిఫై’ పేరిట దీనిని ప్రారంభించారు. కంపెనీ కోసం చదువు మానుకొన్న ఆయన, టాలిన్‌లో టాక్సీ డ్రైవర్లను తానే కలిసి ఒప్పించేవారు.

అప్పటికే అమెరికా కంపెనీ ఉబర్ వద్ద అపారమైన పెట్టుబడి ఉంది. దానితో డబ్బు ఖర్చులో పోటీపడడం అసాధ్యం. అందుకే బోల్ట్ తక్కువ ఖర్చుతో పనిచేయడం, డ్రైవర్ల నుంచి తక్కువ కమిషన్ తీసుకోవడం అనే మార్గాన్ని ఎంచుకొంది. పోటీ తక్కువగా ఉన్న తూర్పు ఐరోపా దేశాలకు, ఆ తర్వాత దక్షిణాఫ్రికా, నైజీరియా, కెన్యా వంటి ఆఫ్రికా దేశాలకు వెళ్లింది. బ్యాంకు కార్డులు అందరి చేతిలో లేని చోట నగదు చెల్లింపును అంగీకరించింది. 2017లో లండన్‌లో అడుగుపెట్టిన కొద్ది రోజులకే లైసెన్సు చిక్కుల వల్ల సేవలు ఆపవలసి వచ్చింది. 2019లో అనుమతితో తిరిగి వెళ్లింది. 2022 జనవరి నాటికి కంపెనీ విలువను 740 కోట్ల యూరోలుగా పెట్టుబడిదారులు లెక్కగట్టారు. ప్రధాన కార్యాలయం ఇప్పటికీ టాలిన్‌లోనే ఉంది.

ఫలం ఎవరి చేతికి?

ఈ విజయాలకు మరో ముఖం ఉంది. తమ మూలాలున్న యూనికార్న్‌లు, అంటే వంద కోట్ల డాలర్ల విలువ దాటిన కంపెనీలు, పది వరకు ఉన్నాయని ఎస్టోనియా చెప్పుకొంటుంది. అయితే వాటిలో కొన్నిటి ప్రధాన కార్యాలయాలు, యాజమాన్యం దేశం బయటే ఉన్నాయి. వైజ్ కేంద్రం లండన్. పైప్‌డ్రైవ్‌లో అధిక వాటాను 2020లో అమెరికా పెట్టుబడి సంస్థ కొనుగోలు చేసింది. తన షేర్ల ప్రధాన నమోదును అమెరికాకు మారుస్తామని వైజ్ 2025లో ప్రకటించినప్పుడు ఆ చర్చ లండన్‌లో జరిగింది, టాలిన్‌లో కాదు. స్కైప్‌ను మూసివేయాలన్న నిర్ణయమూ ఎస్టోనియా చేతిలో లేదు.

రెండవ ఇబ్బంది మనుషుల కొరత. పదమూడు లక్షల జనంలో దొరికే ఇంజనీర్ల సంఖ్య పరిమితం. అందుకే 2017 నుంచి విదేశీ నిపుణులు, వ్యవస్థాపకుల కోసం ఆ దేశం ప్రత్యేక స్టార్టప్ వీసా ఇస్తోంది.

మూడవది పరాయి చట్టం. బోల్ట్ డ్రైవర్లు స్వతంత్ర వ్యాపారులు కారని, వారికి కార్మిక హక్కులు ఉంటాయని బ్రిటన్ ఉపాధి ట్రైబ్యునల్ 2024 నవంబరులో తీర్పు చెప్పింది. తక్కువ కమిషన్‌తో డ్రైవర్లను ఆకర్షించిన కంపెనీకి కూడా, డ్రైవర్ల పట్ల బాధ్యత ఎంత అన్న ప్రశ్న తప్పలేదు.

ప్రభుత్వ డిజిటల్ వ్యవస్థ కూడా లోపరహితం కాదు. 2017లో గుర్తింపు కార్డుల చిప్‌లో భద్రతా లోపం బయటపడింది. సుమారు ఏడున్నర లక్షల కార్డులపై దాని ప్రభావం పడింది. ప్రభుత్వం లోపాన్ని బహిరంగంగా ప్రకటించి, కార్డుల డిజిటల్ ధ్రువపత్రాలను నిలిపివేసి కొత్తవి జారీచేసింది.

భారతీయులకు వర్తించేదేమిటి?

2014 డిసెంబరులో ఎస్టోనియా ‘ఈ-రెసిడెన్సీ’ని ప్రారంభించింది. విదేశీయులు దరఖాస్తు చేసుకొని, ఎస్టోనియా డిజిటల్ గుర్తింపు పొంది, అక్కడ కంపెనీ స్థాపించి దూరం నుంచే నడపవచ్చు. ఇప్పటివరకు లక్షమందికి పైగా దీనిని పొందారు. అయితే ఇది పౌరసత్వం కాదు, వీసా కాదు, అక్కడ నివసించే హక్కు కాదు. స్వదేశంలో కట్టవలసిన పన్ను నుంచి మినహాయింపూ కాదు. భారత్‌లో నివసించేవారు విదేశీ కంపెనీ పెట్టాలంటే ఇక్కడి విదేశీ మారకద్రవ్య నిబంధనలను, పన్ను నిబంధనలను పాటించక తప్పదు.

ఎస్టోనియా అనుభవాన్ని ఉన్నదున్నట్టు భారత్‌కు అన్వయించలేం. ఇక్కడి మార్కెట్ పెద్దది. ఆధార్, యూపీఐ వంటి వ్యవస్థలు నూట నలభై కోట్ల జనం స్థాయిలో నిర్మితమయ్యాయి. అయినా పెద్ద మార్కెట్ ఉన్న చోట కూడా విదేశీ వినియోగదారు కోసమే మొదలైన కంపెనీలు లేకపోలేదు. 2010లో చెన్నైలో పుట్టిన ఫ్రెష్‌వర్క్స్ తొలినాళ్ల నుంచే విదేశీ వ్యాపార సంస్థలకు సేవలందించి, 2021లో అమెరికాలోని నాస్‌డాక్‌లో నమోదైంది. దాని ప్రధాన కార్యాలయం కూడా అమెరికాకే చేరింది. అంటే ఫలం ఎక్కడ నిలుస్తుందన్న ప్రశ్న చిన్న దేశానిదే కాదు.

దానికి ఎస్టోనియా ఇచ్చిన సమాధానం సంపూర్ణం కాకపోయినా స్పష్టమైనది. కంపెనీ అమ్ముడుపోవచ్చు, తరలిపోవచ్చు, స్కైప్ మాదిరిగా మూతపడనూవచ్చు. పని నేర్చుకొన్న మనుషులు మాత్రం టాలిన్, టార్టు నగరాలలో మిగిలితే, లేదా తిరిగివస్తే, తర్వాతి కంపెనీ అక్కడే పుడుతుంది. వారు ఉండాలని కోరుకొనే పాఠశాలలు, చట్టాలు, సులభమైన పాలన కల్పించడం ఒక్కటే ఆ చిన్న దేశం చేతిలో ఉన్న పని. స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి అది ఎక్కువగా చేసిందీ ఆ పనే.