ఇంటికప్పులో దాగిన తుప్పు

పెంకుటిండ్లు విప్పి సిమెంటు కప్పుల యిండ్లు కట్టుకొనిన రైతులు మన తీరగ్రామములలో ననేకులు గలరు. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన యుప్పెన పిమ్మట గట్టి కప్పు గల యిల్లే ప్రాణరక్షయను నమ్మకము బలపడినది. ఆ నమ్మకము తప్పు గాదు. అయితే సిమెంటు కప్పు ఱాతివంటిది, దానికి పోషణ యక్కరలేదను నభిప్రాయము కూడ దానివెంటనే పల్లెలలో ప్రవేశించినది. తాటాకు మార్చుటయు, వానకాలమునకు ముందు పెంకు నేయించుటయు నెరిగిన మన పెద్దలు కప్పును ఏటేట కనిపెట్టి చూచెడివారు. మేడ కట్టినవారు పైకెక్కి చూచుట మానిరి.

కాంక్రీటులోని యినుపచువ్వలు సామాన్యముగ తుప్పు పట్టవు. సిమెంటునందలి క్షారగుణము చువ్వపై నొక పలుచని పొరను నిలిపి దానిని కాపాడుచుండును. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏండ్లతరబడి మెల్లగా లోనికి జొచ్చి యాక్షారగుణమును హరించును. తీరప్రాంతములందు ఉప్పుగాలియు, ఉప్పునీటితో కలిపిన సిమెంటును, కడుగని సముద్రపుటిసుకయు అంతకంటె ముందుగనే యాపని చేయును. తుప్పు తాను పుట్టిన యినుముకంటె రెండు మొదలు ఆరు రెట్లు చోటాక్రమించును. లోపల చోటు లేదు గనుక కాంక్రీటును చీల్చుకొని బయటికి వచ్చును. చువ్వ వెంబడి సన్నని బీట, బీటపై నెఱ్ఱని చార, పిమ్మట పెచ్చులూడుట, ఇదియే క్రమము. పెచ్చు క్రింద ఉయ్యాలయో మంచమో యుండవచ్చును.

2000 సంవత్సరమున ప్రకటితమైన ఐ.ఎస్. 456 ప్రమాణము తీరపుగాలి తగులు కాంక్రీటులో చువ్వపై 45 మిల్లీమీటర్ల మందము కోరినది. ఊడిన పెచ్చును కొలిచి చూచిన నందులో సగమైనను లేకుండుట వింతగాదు. చువ్వలక్రింద సిమెంటు బిళ్లలు పెట్టక, కంకరరాయి నొకదానిని దోపి కాంక్రీటు పోయుటచే నిట్లగుచున్నది. కలుపు నీటి విషయమున గూడ ఆ ప్రమాణము కఠినమైనదే. ఇనుము గల కాంక్రీటునకు వాడు నీటిలో లీటరునకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉండరాదు. ఉప్పుబోరు గల గ్రామములలో పని పెట్టుకొనువారు మంచినీటి కాలువ పారు దినములను చూచుకొనుట మేలు.

పెచ్చూడినచోట సిమెంటు పూసి, సున్నము కొట్టి, సంక్రాంతికి ఇల్లు క్రొత్తదైనదని తృప్తి పడుట మన వాడుక. తుప్పుపై పూసిన పూత రెండు వానకాలములు నిలుచుట యరుదు. చిన్న సుత్తితో కప్పంతయు తట్టి చూడవలెను. డొల్ల శబ్దము వచ్చినంతమేర కొట్టివేయవలెను. తుప్పుపట్టిన చువ్వ వెనుక వ్రేలు దూరునంత సందు చేసి, ఇనుపతీగల కుంచెతో చుట్టును తళతళలాడువరకు రుద్దవలెను. పాత కాంక్రీటును బాగుగా తడిపి, పైనీరు ఆరిన పిమ్మట సిమెంటుపాలు పూసి, అది ఆరకమునుపే ఒకటికి మూడు పాళ్ల గట్టిపాకమును పలుచని పొరలుగా నదిమి నింపవలెను. ఎండలలో చేసిన పనిని కనీసము పది దినములు తడిగా నుంచవలెను. ఉప్పు బాగుగా నెక్కిన కప్పునందు మరమ్మతు చేసిన చోటి ప్రక్కనే మరల తుప్పు రేగుట గలదు గాన, ఏటేట సుత్తితో తట్టుట మానరాదు. చువ్వ నాలుగవవంతు సన్నగిల్లినచో నది మేస్త్రి పని గాదు, ఇంజనీరును పిలువవలసినదే.

కిటికీలపై ముందుకు చాచిన పలకల విషయమున మఱింత జాగ్రత్త యవసరము. వానిలో బరువు మోయు చువ్వలు పైభాగమున నుండును. పోతపోయునాడు కూలీలు త్రొక్కుటచే నవి క్రిందికి దిగియుండవచ్చును. క్రింద గుంజలు నిలుపక పైని చెక్కుట కారాదు. గోడకు తగులుచోట పైన బీట కనబడిన నాటినుండి దానిక్రింద నెవరును కూర్చుండరాదు.

రైతుల యిండ్లకు ప్రత్యేకమైన కీడొకటి గలదు. ఎరువుబస్తాలను నడవలో గోడ కానించి పేర్చుదురు. అమ్మోనియా సంబంధమగు ఎరువులు చెమ్మకు కరగి సిమెంటును మెత్తబరచును. పొటాషు ఎరువు క్లోరైడు గనుక చువ్వకు నేరుగా శత్రువు. బస్తాలను చెక్కబల్లలపై, గోడకు అడుగు దూరముగ నుంచుట సులభము. రాలిన ఎరువును నీళ్లతో కడుగక ముందుగ నూడ్చివేయవలెను. కడిగిన నీరు నేలలోనికే యింకును. సంఘపు గిడ్డంగులకును నిదే వర్తించును.

పాత గానుగసున్నపు గోడలు గలవారికి వేరొక మాట. మెత్తని యిటుకపై గట్టి సిమెంటుపూత వేసినచో గోడలోని చెమ్మ బయటికి పోలేక పైపైకి ప్రాకి, ఉప్పు పొంగి, పూత పెళుసులై రాలును. సిమెంటొకపాలు, సున్నము రెండు పాళ్లు, ఇసుక తొమ్మిది పాళ్లు కలిపిన మెత్తని పాకమే యట్టి గోడకు తగినది. సిమెంటు ఎక్కువైన బలమెక్కువ యను తాపీవాని మాట యిచట చెల్లదు.

రేగడినేలలో గోడల బీటలు తుప్పువలన గాక నేల వానలకుబ్బి వేసవిలో కుంచించుటవలన కలుగును. బీటకడ్డముగ సన్నని గాజుబద్ద నొకదానిని రెండు కొనల సిమెంటుతో నంటించి, తేదీ వ్రాసియుంచవలెను. గాజు విరిగినచో బీట యింకను కదలుచున్నదని యెఱుంగవలెను. అట్టిదానిని పూడ్చుట వ్యర్థము. ముందు ఇంటిచుట్టును బయటికి వాలుగా గచ్చు చేసి, వాననీరు పునాది చేరకుండ కాలువకు మళ్లింపవలెను.

మేడపై తూములలో ఆకు నిలువరాదు. పిట్టగోడ సందులలో రావి, జువ్వి మొలకలు వ్రేలంత యున్నపుడే వేళ్లతో తీయవలెను. పైని కోసినచో వేరు లోపలనే లావెక్కును. ఈ పనులకు దాళ్వా కోతలు ముగిసి ఋతుపవనములు రాకమునుపటి కాలము అనువైనది. సిమెంటు మాత్రము పనికి కావలసినంతయే అప్పటికప్పుడు కొనవలెను. మూడు నెలలు చెమ్మలో నిలిచిన బస్తాకు బలము తగ్గును, గడ్డలు చితుకగొట్టి వాడినను అది తిరిగి రాదు.