లైనక్స్ కంప్యూటర్లకు నెట్‌వర్క్ కెమెరా చిత్రాలు ఆలస్యంగా చేరుట – కారణాలు, నివారణ

పైరు ఎదుగుదల, ఆకుల విస్తీర్ణం, తెగుళ్ళ లక్షణాలను నమోదు చేయుటకు పరిశోధనా క్షేత్రాలలో నెట్‌వర్క్ కెమెరాల వినియోగం పెరుగుతున్నది. మళ్ళ మీదుగా కదిలే బండికి అమర్చిన కెమెరా నుండి చిత్రాలు మందకొడిగా వచ్చినచో కొన్ని మొక్కలు అసలు నమోదు కావు. మార్గమధ్యంలో సమాచారం కొంత నశించినచో చిత్రంలో ఆ భాగం నల్లని పట్టీగా మిగులుతుంది. విశ్లేషణలో అది పచ్చదనం లేని చోటుగా లెక్కకు వచ్చి, పైరు విస్తరణ తక్కువగా నమోదవుతుంది. ఈ లోపం ఒకే చికిత్సకు చెందిన మళ్ళలో ఏర్పడినచో, దానిని ఆ చికిత్స ప్రభావంగా పొరబడే ప్రమాదం ఉన్నది. కావున కెమెరాను మార్చుటకు ముందు కారణాన్ని క్రమపద్ధతిలో గుర్తించవలెను.

ముందుగా లెక్క

2448 × 2048 చుక్కల కెమెరాలో చుక్కకు 8 బిట్ల చొప్పున ఒక చిత్రం పరిమాణం సుమారు 50 లక్షల బైట్లు, అనగా 4 కోట్ల బిట్లు. సెకనుకు 1000 మెగాబిట్ల లంకెపై గరిష్ఠంగా 24 చిత్రాలు, 100 మెగాబిట్ల లంకెపై రెండు చిత్రాలు మాత్రమే చేరగలవు. అదే చిత్రాన్ని కెమెరాలోనే 24 బిట్ల రంగుల చిత్రంగా మార్చి పంపినచో భారం మూడు రెట్లవుతుంది. వెలుతురు చాలనపుడు కెమెరా ఒక్కొక్క చిత్రానికి 200 మిల్లీసెకన్లు తీసుకున్నచో, లంకె ఎంత వేగమైనదైనా సెకనుకు ఐదు చిత్రాలకు మించవు.

లంకె పరీక్ష

ఈథ్‌టూల్ ఆదేశం లంకె వాస్తవ వేగాన్ని చూపుతుంది. 1000 మెగాబిట్ల వేగానికి కేబుల్‌లోని నాలుగు తీగల జతలూ పనిచేయవలెను. తేమకు కనెక్టర్ తుప్పు పట్టినా, ఎలుకలు తీగను కొరికినా లంకె 100 మెగాబిట్లకు పడిపోవచ్చు. రాగి కేబుల్ పొడవు 100 మీటర్లకు మించరాదు. పలు కెమెరాలు ఒకే స్విచ్ ద్వారా కంప్యూటర్‌కు చేరుచున్నచో అవి ఆ ఒక్క లంకె సామర్థ్యాన్నే పంచుకొంటాయి.

ప్యాకెట్ల నష్టం

గిగ్ఈ విజన్ కెమెరాలు చిత్రాలను యూడీపీ పద్ధతిలో పంపుతాయి. పోయిన ప్యాకెట్లను యూడీపీ తిరిగి అడుగదు. ఆ బాధ్యత చిత్రాలను సేకరించే సాఫ్ట్‌వేర్‌దే. 1500 బైట్ల పరిమితిలో పై చిత్రం సుమారు 3,400 ప్యాకెట్లుగా వస్తుంది. కెమెరా, స్విచ్, కంప్యూటర్ మూడింటిలోనూ పరిమితిని 9000 బైట్లకు పెంచినచో అవి 600 లోపునకు తగ్గి, ప్రాసెసర్‌పై భారం తగ్గుతుంది. ఒక్కచోట మార్పు మరచినచో పెద్ద ప్యాకెట్లు గమ్యం చేరవు.

చాలా లైనక్స్ వ్యవస్థలలో స్వీకరణ బఫర్ గరిష్ఠ పరిమితి 2,12,992 బైట్లు మాత్రమే. ఇది ఒక చిత్రంలో ఇరవయ్యో వంతుకైనా చాలదు. నెట్‌స్టాట్ నివేదికలో యూడీపీ స్వీకరణ బఫర్ దోషాల సంఖ్య పెరుగుచున్నచో ఈ పరిమితిని సిస్‌సీటీఎల్ ద్వారా పెంచి, సాఫ్ట్‌వేర్‌లోనూ పెద్ద బఫర్‌ను కోరవలెను.

నిల్వ వేగం

చిత్రాలను భద్రపరచకుండా కేవలం స్వీకరించి వేగాన్ని కొలవవలెను. అప్పుడు వేగం సరిగా ఉండి, భద్రపరచగానే తగ్గినచో లోపం నెట్‌వర్క్‌లో లేదు. మెమరీ కార్డు లేదా డిస్కు వ్రాత వేగం చాలుట లేదని గ్రహించవలెను.

ముగింపు

ఒకసారి ఒక మార్పు మాత్రమే చేసి, ఫలితాన్ని నమోదు చేసిన పిదప తదుపరి మార్పునకు పోవలెను. ప్రతి చిత్రంతోపాటు దాని క్రమసంఖ్య, సమయం, నష్టపోయిన ప్యాకెట్ల సంఖ్యను భద్రపరచి, అసంపూర్ణ చిత్రాలను విశ్లేషణకు ముందే తొలగించినచో ప్రయోగ ఫలితాలు విశ్వసనీయంగా ఉంటాయి.