సైన్సు చదువుకు ఊరు మారుతున్నారా?

మీ అమ్మాయికో అబ్బాయికో బెంగుళూరు టాటా ఇన్‌స్టిట్యూట్‌లోనో, హైదరాబాదులోని ఏదైనా పరిశోధనాలయంలోనో సీటు వచ్చిందనుకోండి. ఇంట్లో సందడికి అంతుండదు. మార్కుల జాబితాలు, కుల ధ్రువపత్రం, కొత్త దుప్పటి, ఊరిబిండి డబ్బా అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుతారు. ఆరోగ్యం సంగతి మాత్రం ఆఖరి రోజుకు గాని గుర్తురాదు. "వాడు రాయిలా ఉన్నాడు సార్, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టండి చాలు" అంటూ తండ్రులు పరుగెత్తుకొస్తారు. నేను మాత్రం ఓ పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడిగాని పంపను. ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. వేరుశనగ పండితే పండినట్టు, లేకపోతే లేదు. ఇలాంటి చోటునుంచి పై చదువుకు పోయే పిల్లల్లో చాలామంది వెనుక ఒక అప్పు ఉంటుంది. అందుకని వాళ్లు మొట్టమొదట పొదుపు చేసేది తిండి మీద. పొద్దున టీ, బన్ను. మధ్యాహ్నం ఏదో ఒకటి. రాత్రి ఆలస్యమైతే అదీ లేదు. దీన్ని త్యాగమంటారు కొందరు. వైద్యుడిగా నేను ఒప్పుకోను. నీరసంతో, రక్తహీనతతో మొదటి ఏడాదే ఇంటికి తిరిగి వస్తే ఆ అప్పు ఎవరు తీర్చాలి?

కష్టపడి పైకి వచ్చినవారికి ఉదాహరణగా యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు చెబుతుంటారు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1920ల మొదట్లో అమెరికాలోని బోస్టన్ నగరం చేరారాయన. చేతిలో డబ్బు లేక రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్లు శుభ్రం చేసే పని చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే ఫిస్కె–సుబ్బారావు పద్ధతి 1925లో వెలువడింది. ఇంతవరకు అందరికీ తెలుసు. ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ వ్యాధితో పోయారని, ఆయనకూ ఆ జబ్బు సోకి బయటపడ్డారని చాలామందికి తెలియదు. స్ప్రూ అంటే తిన్నది పేగులు పీల్చుకోలేక, విరేచనాలై, రక్తం తగ్గి మనిషి శుష్కించిపోయే జబ్బు. దానికి వాడే ఫోలిక్ యాసిడ్‌ను 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది ఆయన నాయకత్వంలోని బృందమే. 1948లో, 53 ఏళ్లకే గుండెపోటుతో కన్నుమూశారు. ఆయన పట్టుదలను మన పిల్లలు నేర్చుకోవలసిందే. రాత్రి నిద్ర మానడాన్నీ, కడుపు మాడ్చుకోవడాన్నీ కూడా నేర్చుకోనక్కర్లేదు.

తిండి గురించి ఇంకొక్క మాట. నూరు గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల వరకు కాల్షియం ఉంటుంది. పాలిష్ చేసిన బియ్యంలో పది మిల్లీగ్రాములకు అటూ ఇటూ మాత్రమే. ఈ లెక్కలు కట్టింది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. (అదీ ఊరు మారి వచ్చినదే: 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదు చేరింది.) సంగటి తిని పెరిగిన పిల్లలు హాస్టలు చేరగానే అది పల్లెటూరి తిండని సిగ్గుపడి మానేస్తారు. బెంగుళూరు వెళ్లేవారికి ఆ బాధ లేదు, అక్కడ రాగిముద్దను అందరూ ఇష్టంగా తింటారు. హైదరాబాదు వెళ్లేవారు ఇంటినుంచి రాగిపిండి తీసుకుపోయి జావ కాచుకోవచ్చు. గుప్పెడు వేయించిన వేరుశనగ గింజలు ఎక్కడైనా దొరుకుతాయి. ఆడపిల్లలైతే బయలుదేరేముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. 12 గ్రాములకన్న తక్కువుంటే ఇనుము మాత్రలు ఇక్కడే మొదలుపెట్టాలి.

ఇక పళ్ల సంగతి. మన పల్లెల్లో చాలాచోట్ల బోరునీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎక్కువైన నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్లమీద పసుపు, గోధుమరంగు చారలు పడతాయి. ఊళ్లో అందరికీ ఉంటాయి గనుక ఎవరూ పట్టించుకోరు. పట్నం పోగానే "పళ్లు తోముకోవా?" అని ఎవరో అడుగుతారు. ఆ ఒక్క మాటతో నవ్వడం, నలుగురిలో లేచి ప్రశ్న అడగడం మానేసిన పిల్లలను చూశాను. సైన్సు చదివేవాడు ప్రశ్న అడగడం మానేస్తే ఇంకేముంది? ఈ చారలు మురికివల్ల వచ్చినవి కావు, అంటుకునేవీ కావు. సుమారు ఎనిమిదేళ్లలోపు, పళ్లు చిగురు లోపల తయారయ్యేటప్పుడే పడతాయి. ఇటుకపొడి, బొగ్గు, నిమ్మకాయ ఉప్పు పెట్టి రుద్దితే పైపొర అరిగిపోతుందే తప్ప చార పోదు. దంతవైద్యులు పైపొరను పలచగా రాపిడి చేసి గాని, పంటి రంగు పూత వేసి గాని సరిచేయగలరు. వెన్ను, మోకాళ్లు బిగుసుకుపోతుంటే మాత్రం అది వేరే విషయం, డాక్టరుకు చూపించాలి.

బెంగుళూరు 900 మీటర్ల ఎత్తున్న చల్లని ఊరు. దాహం వేయదని నీళ్లు తగ్గించకండి. ఉబ్బసం ఉన్నవారు పీల్చే మందు వెంట ఉంచుకోవాలి. అక్కడి ధూళి, వయ్యారిభామ మొక్క పుప్పొడి కొందరికి పడవు. మూడు రోజులకు మించిన జ్వరాన్ని మందులషాపులో బిళ్ల కొని అణచకండి. అది టైఫాయిడ్ కావచ్చు. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష తప్పనిసరి. క్షయ అని తేలినా ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తుంది, చదువు మానక్కర్లేదు.

తెలుగు మీడియంలో చదివినవారికి మొదటి నెలలు దిగులుగా ఉండడం సహజం. రెండు వారాలైనా నిద్ర పట్టక, తిండి సయించక, ఇంటికి ఫోను చేయడంకూడా మానేస్తే అది జబ్బు కింద లెక్క. 14416 నంబరుకు ఫోను చేస్తే ఏ వేళనైనా మాట్లాడతారు, తెలుగులోకూడా. ఖర్చేమీ లేదు.

ప్రయోగశాలలో పిపెట్‌ను నోటితో పీల్చకండి, అక్కడ ఏమీ తినకండి. కంట్లో రసాయనం పడితే ఎవరినో పిలవడానికి ముందు నీళ్ల ధార కింద పదిహేను నిమిషాలు కన్ను కడగాలి. రక్తపు నమూనాలతో పనిచేయబోయేవారు హెపటైటిస్ బి టీకా మూడు డోసులు వేయించుకోవాలి: మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. జులైలో ఇక్కడ మొదటిది వేయించుకుని, రెండోది అక్కడ వేయించుకుంటే, మూడోది సరిగ్గా సంక్రాంతి సెలవుల్లో వస్తుంది.